ఎడమ భుజం

స్కాట్లండులో స్పే నది మీద ముప్పై ఎనిమిదేళ్ళు గిల్లీగా బతికిన డూగల్ గెడిస్‌కి అరవై ఒకటో ఏట కుడి భుజం పోయింది. అదేమీ ఒక్క రోజులో పోలేదు. మొదట కోటు తొడుక్కుంటుంటే కలుక్కుమంది. తర్వాత పై అరలో టీ డబ్బా అందలేదు. ఆఖరికి సెప్టెంబరు నెలాఖరున, సీజన్ ముగిసే వారంలో, ఒక అతిథికి గాలం ఎలా విసరాలో చూపించబోయి రాడ్డునే నీళ్ళలో వదిలేశాడు. కండను ఎముకకు పట్టి ఉంచే పట్టీ తెగి చాలా కాలమైందనీ, ఇప్పుడు కుట్టినా అతుక్కోదనీ, ఆ చెయ్యి ఇక భుజం దాటి పైకి లేవదనీ డాక్టరు తేల్చేశాడు.

గిల్లీ అంటే, బీటు మీదికి, అంటే ఎస్టేటు తన అతిథులకి కేటాయించిన నది మేర మీదికి, సాల్మన్ చేపలు పట్టడానికి వచ్చిన అతిథి పక్కన మొలలోతు నీళ్ళలో నిలబడి, చేప ఎక్కడుందో చెప్పి, ఎలా విసరాలో చెప్పి, పడితే వల పట్టి, పడకపోతే ఆ తప్పు నది మీదికి నెట్టేసే మనిషి. వానొచ్చినా మంచు కురిసినా రోజుకి ఎనిమిది గంటలు. డూగల్‌కి ఆ పని తప్ప ఇంకో పని రాదు. ఏటి ఒడ్డున అతనూ భార్య ఇషబెల్ ఉంటున్న ఇల్లు కూడా ఆ పనితో వచ్చిందే, ఆ పనితో పోయేదే.

అక్టోబరులో ఎస్టేటు మేనేజరు ప్రింగిల్ వచ్చాడు. వయసులో డూగల్‌కి కొడుకంత ఉంటాడు. చెడ్డవాడు కాదు, చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకోవచ్చు.

"డూగల్ గారూ, ఉన్నమాట చెప్తాను, ఏమీ అనుకోకండి. వచ్చే సీజన్‌లో వచ్చేవాళ్ళు సగం మంది నేర్చుకోవడానికే వస్తున్నారు. చేసి చూపించలేని గిల్లీని పెట్టుకుని నేనేం చెయ్యను?"

"నోటితో చెప్తాను సార్."

"నోటితో నేనూ చెప్తాను."

ప్రింగిల్ కాసేపు టోపీ చేతిలో తిప్పుకుని అసలు విషయానికి వచ్చాడు. ఫిబ్రవరి పదకొండున కొత్త సీజన్‌కి నది తెరుస్తారు. ఆ పొద్దున ప్రీస్ట్ మడుగులో మొదటి విసురు ఎప్పటిలాగే డూగల్ విసరాలి. గాలం లైను మడుగుకి అడ్డంగా అవతలి బండ దాకా పోతే ఉద్యోగం ఉంటుంది. పోకపోతే కొత్త మనిషిని చూసుకుంటారు, డూగల్ మే నెలాఖరుకి ఇల్లు ఖాళీ చెయ్యాలి.

ప్రింగిల్ వెళ్ళాక ఇషబెల్ బంగాళాదుంపలు చెక్కు తీస్తూ, తలెత్తకుండానే అంది. "ఎడం చెయ్యి ఉందిగా."

"ఉంది. గోడకి మేకు కూడా కొట్టలేదది ఎప్పుడూ."

"కొట్టమని అడిగితేగా."

ఆమె అన్నదాంట్లో న్యాయం లేకపోలేదు. స్పే రాడ్డు పదిహేనడుగులు, రెండు చేతులూ కావాలి. వెనక చెట్లూ గట్లూ ఉంటాయి గనక లైనుని వెనక్కి విసిరే వీలుండదు. నీటి మీదే పక్కకి లాగి, భుజం వెనక పొట్టలా ఉబ్బించి, ముందుకి వదలాలి. పైన పట్టుకున్న చెయ్యి దారి చూపిస్తుంది, కింద పట్టుకున్న చెయ్యి లాగుతుంది. కిందిచెయ్యి నడుము దాటి పైకి లేవక్కర్లేదు. అంటే డూగల్ ఎడం చేతిని పైకీ కుడి చేతిని కిందికీ మార్చుకుంటే చాలు. ముప్పై ఎనిమిదేళ్ళ అలవాటుని అద్దంలో చూసినట్టు తిరగెయ్యాలి, అంతే. చెప్పడానికి ఎంతసేపు.

బీటు మీద సాధన చేస్తే అందరూ చూస్తారు. అందుకని అతను ఇరవై మైళ్ళ దూరంలో, కొండల మధ్య సరస్సు దగ్గర ఆదివారాలు జరిగే క్లబ్బుకి వెళ్ళాడు. స్కాట్లండులో ఆదివారం సాల్మన్ పట్టకూడదు, అది చట్టం. పిచ్చి ముదిరిన కొందరు ఆ ఒక్కరోజు కూడా ఇంట్లో ఉండలేక సరస్సు ఒడ్డున చేరి, కొక్కెం తీసేసి, దాని చోట ఎర్ర ఉన్ని పోగు కట్టి, చేపా లేదు ఏమీ లేదు, ఊరికే విసురుతుంటారు. డూగల్ ఇన్నాళ్ళూ వాళ్ళని తలుచుకుని నవ్వుకునేవాడు. ఆకలి లేకుండా పళ్ళెం ముందు కూర్చుని చెంచా తిప్పేవాళ్ళు, అనేవాడు అతిథులతో.

అక్కడ నేర్పే మనిషిని చూసి అతనికి తల కొట్టేసినట్టయింది. రోనా మాకీ. ఎల్గిన్‌లో పళ్ళ డాక్టరు. ఆరేళ్ళ కింద ఎవరితోనో కలిసి బీటు మీదికి వచ్చినప్పుడు, ఆమె విసురు చూసి పదిమందిలో, "కార్పెట్ దులుపుతున్నావా తల్లీ?" అన్నది డూగలే.

ఆమెకీ గుర్తుంది. అతని చేతులవైపు చూసింది. ఎడం చెయ్యి పైన, కుడి చెయ్యి కింద. భుజం సంగతి ఎవరూ చెప్పకుండానే ఆమెకి అర్థమైంది. అర్థమైనంత మాత్రాన జాలిపడే రకం కాదు.

"విసరండి డూగల్ గారూ, చూద్దాం."

డూగల్ విసిరాడు. లైను గాల్లోకి లేచి, చుట్టలు చుట్టుకుని, అతని నెత్తిమీదే పడింది. ఎర్ర ఉన్ని పోగు వచ్చి ముక్కుకి తగిలింది.

"మా ఇంట్లో రెండు కార్పెట్లున్నాయి, పంపించమంటారా?" అంది రోనా.

గట్టు మీద బస్సు డ్రైవరు బ్రోడీ పొట్ట పట్టుకుని నవ్వాడు. "కేకు! కేకు! పెద్దాయన వచ్చే వారం కేకు తేవాలి!" ఆ క్లబ్బులో అదే శిక్ష. తన ఉన్ని తనకే తగిలినవాడు వచ్చే ఆదివారం అందరికీ కేకు తేవాలి. ఉన్ని గనక తగిలితే కేకు, కొక్కెమైతే ఆసుపత్రి. అందుకే దాన్ని నవ్వులాటగా ఏమీ చూడరు, నవ్వుతారు గానీ.

ఇషబెల్ వరసగా ఐదు వారాలు అల్లం కేకులు చేసింది. ఆరో శనివారం పిండి కలుపుతూ, "నువ్వక్కడ విసరడం నేర్చుకుంటున్నావో వాళ్ళని మేపుతున్నావో నాకైతే తెలీడం లేదు" అంది.

నవంబరు, డిసెంబరు. డూగల్ అలిసిపోయాడు. పని చేసి అలసిపోవడం అతనికి తెలుసు. అన్నం తిని పడుకుంటే పోతుంది. ఈ అలసట వేరు. తెలిసినదాన్ని తెలియనివాడిలా నేర్చుకోవడంలో ఉండే అలసట, పొద్దున లేచేసరికి మంచం పక్కనే కూర్చుని ఉండేది. ఎడం మణికట్టు వాచింది, నడుము పట్టేసింది. బూటు తాడు కట్టుకోవడానికి వంగితే మళ్ళీ లేవడానికి ఒక కారణం వెతుక్కోవలసి వచ్చేది. మనసు చెప్పింది ఎడం చెయ్యి వినదు, విన్నా ఒక క్షణం ఆలస్యంగా వింటుంది. ఆ ఒక్క క్షణంలో లైను నీరుగారిపోతుంది.

"బలం పెడుతున్నారు" అనేది రోనా. "పైచేత్తో తోసేస్తున్నారు. పని రాడ్డుది, మీది కాదు."

ఆ మాట డూగల్ ముప్పై ఎనిమిదేళ్ళలో ఎన్ని వేలమందికి చెప్పాడో. చెప్పించుకుంటే ఇంత చిరాకుగా ఉంటుందని ఇప్పుడే తెలిసింది.

"తెలుసమ్మా."

"తెలిస్తే చెయ్యండి మరి. నోరు తెరవండి అంటే నా దగ్గరికొచ్చేవాళ్ళూ తెలుసంటారు, తెరవరు."

"ఇంకా నయం, నా పళ్ళు నీ చేతికి చిక్కలేదు."

"చిక్కేవే. ఇలాగే బిగించి కొరుకుతూ విసిరితే వసంతానికి రెండు రాలతాయి."

భుజాలు మార్చే పాఠం జనవరిలో మొదలైంది. రెండు చేతుల విసురులో ప్రాణం మీదికొచ్చే నియమం ఒక్కటే: గాలి ఎటునుంచి వస్తే ఆ పక్క భుజం మీదుగా విసరకూడదు. గాలి ఎడమనుంచి వస్తుంటే కుడి భుజం మీదుగా, కుడినుంచి వస్తుంటే ఎడమ భుజం మీదుగా. తప్పితే గాలి కొక్కేన్ని తెచ్చి ముఖానికేసి కొడుతుంది. అతిథులు ఇది మర్చిపోతారు. విసిరే ఆనందంలో గాలి ఎవరికి గుర్తుంటుంది? అందుకే గిల్లీ ఉన్నాడు. నిజానికి గిల్లీ మొదటి పని చేప చూడటం కాదు, గాలి చూడటం. గాలి తిరగ్గానే 'భుజం!' అని కేకెయ్యాలి. ఆ కేక డూగల్‌ది ఎంత పేరున్నదంటే, అవతలి ఒడ్డు బీటు మీద చేపలు పట్టేవాళ్ళు కూడా అది విని భుజం మార్చుకునేవారు.

ఎడం చెయ్యి పైనుంటే, ఎడమ భుజం మీదుగా విసరడం సులువు. కుడి భుజం మీదుగా విసరాలంటే చెయ్యి ఛాతీకి అడ్డంగా రావాలి, అది కష్టం. డూగల్‌కి రెండూ కష్టంగానే ఉన్నాయి. ఎడమదైనా వస్తుందేమోనని ఎదురుచూశాడు. రాలేదు. లైను పోతుంది, కానీ ఈడ్చుకుంటూ పోతుంది. దానంతటది లేచి పోవాలి, అలా పోవడం లేదు. జనవరి చివరి ఆదివారం అతను రాడ్డు గట్టుమీద పెట్టి, చలికి చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చున్నాడు.

బ్రోడీ వచ్చి పక్కన కూలబడ్డాడు. "పెద్దాయనా, ఒకటి చెప్పనా? కొత్తలో బస్సు నడిపేటప్పుడు నేను రోడ్డు చూసేవాణ్ణి కాదు, గేరు చూసేవాణ్ణి. ఒకరోజు చూడటం మర్చిపోయాను, అదే పడింది."

"ఏది? బస్సు గోతిలోనా?"

"గేరండీ బాబూ!"

డూగల్ నవ్వాడు, చాలా రోజుల తర్వాత. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి ఇషబెల్‌తో, "వదిలేద్దామా?" అన్నాడు. ఆమె పొయ్యిలో కట్టె సర్ది, అతని ఎదురుగా కూర్చుంది.

"నాకు ఈ ఇల్లు పోయినా ఒకటే. నెయిర్న్‌లో మా అక్క ఇంట్లో కింద రెండు గదులున్నాయి, ఇంత చెమ్మ ఉండదు. కానీ చేతకాలేదని ఎవరో బయటికి పంపితే నువ్వు నెయిర్న్ వచ్చినా నాకు దక్కవు. కిటికీలోంచి సముద్రం చూస్తూ ఏడుస్తావు. ఆ మనిషితో నేను ఉండలేను. విసురు."

ఫిబ్రవరి పదకొండు పొద్దున మంచు కరిగిన నీళ్ళతో నది నల్లగా, నిండుగా పారుతోంది. ప్రీస్ట్ మడుగు గట్టుమీద పాతికమంది చేరారు. ప్రింగిల్ పిలిస్తే రోనా కూడా వచ్చింది. ఆనవాయితీ ప్రకారం ఒక గ్లాసు విస్కీ నదికి పోశారు, తర్వాత తలా ఒక గుక్క. ఇక ముందు గిల్లీ దిగాలి, వెనక ఆ వారపు పెద్ద అతిథి దిగాలి. ఒక్కొక్క విసురుకీ రెండడుగుల చొప్పున కిందికి జరుగుతూ ఇద్దరూ మడుగు చివరిదాకా పోవాలి. పెద్ద అతిథి లోరిమర్, డెబ్భై తొమ్మిదేళ్ళ రిటైర్డు లాయరు. ఇరవై ఆరేళ్ళుగా ఇదే వారం, ఇదే మడుగు, ఇదే గిల్లీ.

"ఏమోయ్ డూగల్, చేతులు తారుమారు చేశావేమిటి? పెళ్ళాం కొట్టిందా?"

"కొట్టింది సార్. కుడి వైపే కొట్టింది."

గట్టు నవ్వింది. డూగల్ నీళ్ళలోకి దిగాడు. చలి మోకాళ్ళని పళ్ళతో పట్టుకున్నట్టు పట్టుకుంది. ఆ ఒడ్డున నిలబడితే నది కుడినుంచి ఎడమకి పారుతుంది. గాలి ఎడమనుంచి, ప్రవాహానికి ఎదురుగా వీస్తోంది. అంటే కుడి భుజం. అంటే కష్టమైనది. తన అదృష్టం ఎప్పుడూ ఇంతే అనుకున్నాడు.

చెయ్యి ఛాతీకి అడ్డంగా తెచ్చి, నెమ్మదిగా లాగి, ఊపిరి బిగబట్టి వదిలాడు. లైను కొంచెం వంకరగా పోయింది, పోయి అవతలి బండకి గజం ఇవతల పడింది. చప్పట్లు కొట్టారు. ప్రింగిల్ కొట్టలేదు, తల ఒక పక్కకి వంచి చూస్తున్నాడు. గజం తక్కువంటే తక్కువే.

రెండడుగులు. మళ్ళీ. రెండడుగులు. మళ్ళీ. బండకి అరగజం ఇవతల, మళ్ళీ గజం ఇవతల. వెనక ముప్పై గజాల దూరంలో లోరిమర్ దిగాడు, కుడి చెయ్యి పైన పెట్టి, కుడి భుజం మీదుగా విసురుతున్నాడు. అది సరైన భుజమే. డూగల్ ఒకసారి తిరిగి చూశాడు. తర్వాత తన లైను వైపు తిరిగాడు.

పది విసుర్లయ్యాక గాలి ఆగింది. నది చప్పుడొక్కటే వినిపించింది. కాసేపటికి అతని కుడి చెవి మీద చల్లగా తగిలింది.

డూగల్ ఆలోచించలేదు. చెయ్యి తనంతట తనే ఎడమ పక్కకి వెళ్ళింది. లైనుని పైకి లాగి, కిందికి తిప్పి, ఎడమ భుజం వెనక ఉబ్బనిచ్చి, వదిలింది. బలం పెట్టలేదు. కుడి చెయ్యి కింద చిన్నగా లాగింది, అంతే. లైను లేచింది. మడుగు మొత్తం దాటి, బండ దాటి, అవతలి ఒడ్డు గడ్డి అంచున మెత్తగా వాలింది. గట్టుమీద ఎవరో "ఓహ్" అన్నారు.

నాలుగు నెలలు! డూగల్‌కి కళ్ళు చెమర్చాయి. రెండడుగులు వేసి మళ్ళీ విసిరాడు, మళ్ళీ అలాగే పోయింది. నొప్పి లేదు, బరువు లేదు, అరవై ఒక్కేళ్ళూ లేవు. మూడోసారి ఇంకా బాగా పోయింది. ప్రింగిల్ చేతులు పైకెత్తి చప్పట్లు కొట్టడం కంటి కొసల్లో కనిపించింది. నాలుగోసారి లైను గాల్లో ఉండగా గట్టుమీంచి రోనా గొంతు చించుకుని అరిచింది.

"లోరిమర్ గారూ! భుజం!"

డూగల్ తిరిగేసరికి ముసలాయన రాడ్డు వదిలేసి రెండు చేతులూ ముఖానికి కప్పుకుని ఉన్నాడు.

నీళ్ళకి అడ్డం పడి పరిగెత్తాడు డూగల్. లోరిమర్ చేతులు మెల్లగా పక్కకి తీయించాడు. కొక్కెం కుడి చెంప మీద, కంటికి కింద వేలెడు దూరంలో దిగింది. నిలువునా దిగింది. కళ్ళద్దాలు టోపీ మీదే ఉన్నాయి. అవి కళ్ళకి పెట్టించేది కూడా గిల్లీయే. డూగల్ నైలాను దారం కొక్కెం వంపుకి వేసి, వేలితో చెంప నొక్కి, ఒక్క గుంజు గుంజాడు. కొక్కెం వచ్చేసింది, ఒక చుక్క రక్తం వచ్చింది. రోనా నీళ్ళలోకి దిగి వచ్చి, కన్ను విప్పించి చూసి, ఏమీ కాలేదంది.

"ఇరవై ఆరేళ్ళలో నేను పట్టిన అతి పెద్ద చేప ఇదేనోయ్!" అన్నాడు లోరిమర్. గట్టంతా గొల్లున నవ్వింది. ఇంకో గ్లాసు విస్కీ పోసి ఆయన చేతిలో పెట్టారు. ఆయన ఆ చెంప చూపిస్తూ ఫొటో తీయించుకున్నాడు.

ప్రింగిల్ డూగల్‌ని పక్కకి తీసుకెళ్ళి వీపు తట్టాడు, ఎడమ వైపు. "నా మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను డూగల్ గారూ. అలాంటి విసురు నేను చూడలేదు. మీ ఓపిక ఉన్నన్నాళ్ళూ ఉండండి."

"వద్దు సార్" అన్నాడు డూగల్.

"అదేమిటి? ఈ చిన్న గాటు సంగతా? ఆయనే నవ్వుతున్నాడు. ఎవరూ మిమ్మల్ని ఏమీ అనడం లేదు!"

"అనరు సార్. నాకు తెలుసు."

ప్రింగిల్ ఇంకా ఏదో అంటుండగానే అతను వెళ్ళి లోరిమర్ మోచేతి పక్కన నిలబడ్డాడు. ఆ రోజంతా తన రాడ్డు ముట్టుకోలేదు. గాలి మళ్ళీ మూడుసార్లు తిరిగింది, మూడుసార్లూ కేకేశాడు. చేప పడలేదు.

చీకటి పడుతుండగా కాళ్ళీడ్చుకుంటూ ఇంటికి చేరాడు. ఇషబెల్ బల్ల దగ్గర కూర్చుని ఉంది, ఏమీ చెయ్యకుండా. ఆమె అలా ఊరికే కూర్చోవడం అరుదు.

"పోయిందా లైను?"

"బండ దాటి పోయింది."

ఆమె ముఖం వెలిగింది. "మరి ఉండమన్నాడా?"

"ఉండమన్నాడు. నేనే వద్దన్నాను."

కోపం వచ్చింది ఆమెకి, దాచుకోలేదు. "నాలుగు నెలలు చచ్చావు. నన్నూ చంపావు. ఎందుకు వద్దన్నావు?"

డూగల్ కుర్చీలో కూలబడి, ఎడం చెయ్యి చాచి, ఆమె చెంప మీద, కంటి కింద వేలు పెట్టాడు. "ఇక్కడ తగిలింది. లోరిమర్ గారికి."

ముప్పై ఐదేళ్ళుగా గిల్లీతో కాపురం చేసిన మనిషికి ఇంకేమీ విడమర్చి చెప్పక్కర్లేదు. ఆమె గొంతు తగ్గింది.

"గాలి తిరిగిందా?"

"తిరిగింది."

"నువ్వు విసరడంలో మునిగిపోయి ఉంటావు. నీకు తెలిసి ఉండదు."

"తెలిసింది" అన్నాడు డూగల్. "నా భుజం మార్చుకున్నాను."